చిల్లర్ యంత్రమా, వీఆర్ఎఫ్ఫా, అమ్మోనియానా? బెజవాడ, గుంటూరు వ్యాపారులకు చల్లదనం లెక్క

బీసెంట్ రోడ్డులో మూడంతస్తుల బట్టల దుకాణం కడుతున్నవారి చేతిలోనూ, గుంటూరు శివార్లలో మిర్చికి కోల్డ్ స్టోరేజీ వేయాలనుకుంటున్నవారి చేతిలోనూ ఉండే కొటేషన్లు చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. నాలుగు కంపెనీలు నాలుగు రకాల యంత్రాలు చూపిస్తాయి, నాలుగూ కరెంటు ఆదా గురించే మాట్లాడతాయి. వాటిలోని అంకెలు అబద్ధాలు కావు, కానీ అవి మన ఎండలో కొలిచినవీ కావు. గాలితో చల్లబడే యంత్రాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు పరీక్షిస్తారు. చిల్లర్ అంటే నీటిని చల్లబరిచి భవనమంతా తిప్పే యంత్రం; అది కూలింగ్ టవర్‌తో (వేడెక్కిన నీటిని గాలి తగిలేలా జార్చి చల్లార్చే గోపురం) నడిచేదైతే 29.4 డిగ్రీల నీళ్లు అందుతున్నాయని లెక్క వేస్తారు. మే నెలలో మొగల్రాజపురం కొండ పక్కన మేడ మీద 35 డిగ్రీలు అనేది పొద్దుటి పూట మాట. మధ్యాహ్నానికి నీడలోనే 42, 43 అవుతుంది. వరసగా బిగించిన అవుట్‌డోర్ యూనిట్లు ఒకదాని వేడిని ఒకటి పీల్చుకునే మూలలో ఇంకో ఐదారు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది.

జేకబ్ పెర్కిన్స్ 1834లో పేటెంటు తీసుకున్న యంత్రం నుంచి నేటి వరకు పద్ధతి పెద్దగా మారలేదు. లోపలి వేడిని ఒక ద్రవం పీల్చుకుని ఆవిరవుతుంది, ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కుతుంది, కండెన్సర్ ఆ వేడిని బయట పారబోస్తుంది. పారబోసే చోటు ఎంత వేడిగా ఉంటే కంప్రెసర్ అంత కష్టపడాలి; సుమారుగా డిగ్రీకి రెండు మూడు శాతం కరెంటు ఎక్కువ. కాబట్టి ఏ యంత్రాన్ని చూసినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ వేడిని ఎక్కడ పారబోస్తున్నారు, గాలిలోకా, నీళ్లలోకా? ఎంపికలో సగం అక్కడే తేలిపోతుంది.

కొటేషన్ తెరిచే ముందు

మొదట మీ భారం ఎలా నడుస్తుందో కాగితం మీద రాయండి. ఆసుపత్రికి ఇరవై నాలుగు గంటలూ చల్లదనం కావాలి. కల్యాణ మండపానికి ముహూర్తాల రోజుల్లో ఐదారు గంటలు పూర్తి భారం పడుతుంది, మిగతా రోజుల్లో తాళం వేసి ఉంటుంది. బట్టల దుకాణానికి ఆదివారం సాయంత్రం వేరు, మంగళవారం మధ్యాహ్నం వేరు. ఏడాదిలో పూర్తి భారంతో నడిచే గంటలు చాలా భవనాల్లో చాలా తక్కువ. అందుకే సగం భారంలో యంత్రం ఎంత కరెంటు తింటుందనేది పూర్తి భారం అంకె కంటే ముఖ్యం.

రెండోది తేమ. ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాపీసులో గాలి తేమకు కాగితం సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకపోతుంటే విల్లిస్ క్యారియర్ గాలిలోని నీటిని అదుపు చేసే ఏర్పాటు చేశాడు. కృష్ణా తీరంలో జులై నుంచి అక్టోబరు దాకా మన బాధ కూడా అదే. థర్మామీటరు 32 అంటుంది, చొక్కా మాత్రం ఒంటికి అంటుకుపోతుంది. ఆ నెలల్లో వేడిని తీసి తేమను వదిలేసే యంత్రం డబ్బు దండగ.

మూడోది నీళ్లు. దీని గురించి కింద వివరంగా రాశాను.

నాలుగోది యంత్రంలో తిరుగుతూ వేడిని మోసే గ్యాస్ భవిష్యత్తు. 1987 మాంట్రియల్ ఒప్పందం ఓజోన్ పొరను చిల్లు చేసే గ్యాస్‌లను తప్పించింది. దానికే 2016లో చేసిన కిగాలీ సవరణ, వాటి స్థానంలో వచ్చి భూమిని వేడెక్కించే హెచ్ఎఫ్‌సీ రకం గ్యాస్‌లను తగ్గించమంటుంది. మన దేశం 2021లో దాన్ని ఆమోదించింది. మన వాడకం 2028లో ఒక గీత దగ్గర ఆగాలి, 2032 నుంచి తగ్గుతూ 2047 నాటికి 85 శాతం పడిపోవాలి. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌ను 1 అనుకుంటే ఆర్-404ఏ 3,900 పైమాటే, ఆర్-410ఏ 2,088, ఆర్-32 675, ప్రొపేన్ అయిన ఆర్-290 దాదాపు 3, అమ్మోనియా సున్నా. ఈ రోజు కొన్న కోల్డ్ స్టోరేజీ యంత్రం పాతికేళ్లు నడుస్తుంది. ఆర్-404ఏతో కొంటే దాని నడివయసులో గ్యాస్ దొరకడమే కష్టమవుతుంది.

ఐదోది బాగుచేసే మనిషి. స్ప్లిట్ ఏసీకి ఆటోనగర్‌లోనో గవర్నర్‌పేటలోనో మెకానిక్ గంటలో వస్తాడు. పెద్ద భవనాలకు వాడే సెంట్రిఫ్యూగల్ చిల్లర్ ఆగిపోతే ఇంజనీరు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రావాలి. ఆ రాత్రి మీ ఆపరేషన్ థియేటర్ ఏం కావాలో ముందే ఆలోచించుకోండి.

ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. ఆ ప్రాంతాల్లో చిల్లర్, పంపులు, ప్యానెల్ బోర్డులు సెల్లార్‌లో పెట్టమని ఎవరైనా గీసిస్తే ఆ కాగితాన్ని వెనక్కి పంపండి. మేడ మీద బరువు మోయడానికి శ్లాబును బలపరిచే ఖర్చు ఆ నష్టం ముందు చిన్నది.

భవనాలకు: ఒక చూపులో

| పద్ధతి | టన్నుకు కరెంటు, పూర్తి భారంలో సుమారుగా | నీళ్లు | నప్పేది | చిక్కు |
|---|---|---|---|---|
| ఇన్వర్టర్ స్ప్లిట్లు | 1.0–1.2 కిలోవాట్ | అక్కర్లేదు | చిన్న దుకాణం, క్లినిక్, ఆఫీసు | బయటి తాజా గాలి రాదు |
| వీఆర్ఎఫ్ (ఒక బయటి యూనిట్‌తో చాలా గదులు) | 1.0–1.2 కిలోవాట్, సగం భారంలో ఇంకా తక్కువ | అక్కర్లేదు | హోటల్, చాలా గదులున్న భవనం | గ్యాస్ ఎక్కువ, కంపెనీ మనిషే బాగుచేయాలి |
| గాలితో చల్లబడే చిల్లర్ | 1.1–1.3 కిలోవాట్ | అక్కర్లేదు | నీటి ఎద్దడి ఉన్న మధ్యతరహా భవనం | మే నెలలో సామర్థ్యం పడిపోతుంది |
| నీటితో చల్లబడే చిల్లర్ | 0.55–0.65, టవర్, పంపులు కలిపితే 0.75–0.85 | చాలా కావాలి | పెద్ద ఆసుపత్రి, మాల్ | సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు, మనిషి కాపలా |
| ఆవిరితో చల్లబరిచే కూలర్లు | చాలా తక్కువ | కావాలి | వర్క్‌షాపు, మిల్లు | వానాకాలంలో పనిచేయదు |

టన్ను అంటే ఇక్కడ బరువు కాదు. ఒక టన్ను మంచు ఇరవై నాలుగు గంటల్లో కరగడానికి పీల్చుకునే వేడికి పాతకాలం అమెరికా ఐస్ వ్యాపారులు పెట్టుకున్న కొలత, 3.5 కిలోవాట్లకు సమానం. కాబట్టి 1.2 కిలోవాట్ల కరెంటుతో 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోయడం గాలితో చల్లబడే యంత్రం పని.

స్ప్లిట్లు

పది టన్నుల లోపు అయితే ఆలోచన అనవసరం. ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ స్ప్లిట్లు, ఆర్-32 గ్యాస్, అంతే. 2020 జనవరి నుంచి నక్షత్రాల రూమ్ ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా అమర్చి వస్తున్నాయి. దాన్ని అక్కడే ఉంచండి.

కానీ కోచింగ్ సెంటర్లు, కాలేజీలు నడిపేవారికి ఒక హెచ్చరిక. గుంటూరు, విజయవాడల్లో ఒక్కో గదిలో అరవై డెబ్బై మంది పిల్లలు తలుపులు మూసి కూర్చునే తరగతులు చూశాం. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి నుంచి తాజా గాలి తేదు. రెండు గంటల తర్వాత పిల్లలకు వచ్చే నిద్ర పాఠం తప్పు కాకపోవచ్చు. అలాంటి గదులకు తాజా గాలి తెచ్చే చిన్న యూనిట్ విడిగా పెట్టాలి. బయటికి పోయే చల్లని పొడి గాలికీ లోపలికి వచ్చే వేడి తేమ గాలికీ మధ్య తిరుగుతూ చల్లదనాన్ని, తేమను మార్పిడి చేసే చక్రం ఉన్న యూనిట్ అయితే ఇంకా మంచిది. మన తేమకు ఆ చక్రం పెట్టుబడి దండగ కాదు.

వీఆర్ఎఫ్

1982లో జపాన్‌లో డైకిన్ కంపెనీ తెచ్చిన ఆలోచన ఇది. బయట ఒక పెద్ద యూనిట్, లోపల పదుల యూనిట్లు, మధ్యలో రాగి గొట్టాల్లో గ్యాసే ప్రయాణం చేస్తుంది. ఏ గదికి ఎంత కావాలో ఎలక్ట్రానిక్ వాల్వు కొలిచి పంపుతుంది. సగం గదులు ఖాళీగా ఉండే లాడ్జికి, బందరు రోడ్డు మీద అంతస్తుకో ఆఫీసు ఉండే భవనానికి ఇంతకంటే పొందికైన ఏర్పాటు లేదు. గదివారీగా కరెంటు లెక్క తీసి అద్దెదార్లకు పంచవచ్చు.

అమ్మేవారు తక్కువగా మాట్లాడే సంగతి గొట్టాలది. భవనమంతా తిరిగే ఆ రాగి గొట్టాల్లో వందల అతుకులుంటాయి. ఫాల్స్ సీలింగ్ వెనక ఒక్క అతుకు కారినా మొత్తం వరస ఆగుతుంది, గ్యాస్ మళ్లీ నింపాలి. చిన్న గదిలో గ్యాస్ అంతా కారితే ఊపిరాడని ప్రమాదం కూడా ఉంది. ఆసుపత్రి వార్డులకు నేను వీఆర్ఎఫ్ చెప్పకపోవడానికి అదొక కారణం. బాగు చేయాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, అంటే కంపెనీ మనిషే రావాలి. గొట్టాలు అతికేటప్పుడు లోపల నైట్రోజన్ వదులుతూ అతకాలి. లేకపోతే లోపల నల్లటి పొర ఏర్పడి ఏడాది తిరిగేసరికి రాలి వాల్వుల్లో చేరుతుంది. అతికే రోజు మీరే వెళ్లి సైటులో నైట్రోజన్ సిలిండరు ఉందో లేదో చూడండి. ఆ సిలిండరు కనబడని సైటులో పని ఆపించడం తప్పేమీ కాదు.

చిల్లర్లు: గాలా, నీళ్లా

వంద టన్నులు దాటిన దగ్గర అసలు తర్జనభర్జన మొదలవుతుంది. ఇక్కడ ఒక లెక్క చేద్దాం.

వంద టన్నుల భవనం, రోజుకు పది గంటలు, సగటున 60 శాతం భారం. గాలి చిల్లర్‌కు టన్నుకు 1.2, నీటి చిల్లర్‌కు అన్నీ కలిపి 0.8 అనుకుంటే తేడా 0.4 కిలోవాట్. రోజుకు 240 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 1,920 రూపాయలు. బాగానే ఉంది కదా?

ఇప్పుడు నీళ్లు. కూలింగ్ టవర్‌లో వేడి పోయేది నీరు ఆవిరైనందువల్లే. టన్నుకు గంటకు ఆరేడు లీటర్లు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీరు మాత్రమే. అందులోని సున్నం, ఉప్పు అక్కడే ఉండిపోయి చిక్కబడతాయి. అందుకే కొంత నీటిని ఎప్పటికప్పుడు వదిలేసి కొత్తనీరు నింపాలి. గట్టి నీళ్లయితే ఆవిరైనంతలో సగం నుంచి దాదాపు అంతా వదలాలి. అంతా కలిపి టన్నుకు గంటకు పది లీటర్లు అనుకోండి. మన భవనానికి రోజుకు ఆరువేల లీటర్లు. కార్పొరేషన్ నీళ్లో, మెత్తని బోరు నీళ్లో దొరికే చోట ఇది సమస్య కాదు. ట్యాంకరు మీద బతికే వీధిలో మీకు ధర తెలుసు, లెక్క మీరే వేయండి. దాని మీద నీటిని మెత్తబరిచే ప్లాంటు, మందులు, చూసుకునే ఆపరేటరు జీతం.

గట్టి నీటి పని చూడాలంటే గుంటూరు చుట్టుపక్కల పాత కోల్డ్ స్టోరేజీల వెనక వైపుకు వెళ్లండి. కండెన్సర్ గొట్టాల మీద నీళ్లు జారుతుంటాయి. గొట్టం మీద తెల్లగా, బూడిద రంగుగా పొరలు పొరలుగా సున్నం పేరుకుని గొట్టం లావు పెరిగినట్టు కనిపిస్తుంది. సుత్తితో కొడితే పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చు కింద గొట్టం వేడిగా, పైన నీరు చల్లగా ఉంటుంది, ఒకదానికొకటి తగలవు. కంప్రెసర్ మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో విషయం, మన వెట్ బల్బ్ ఉష్ణోగ్రత. థర్మామీటరు బుడ్డికి తడి గుడ్డ చుట్టి గాలి ఆడిస్తే అది ఎంతవరకు దిగుతుందో ఆ అంకె అది. టవర్ నీళ్లు దానికంటే చల్లబడవు. తేమ ఉన్న రోజుల్లో మన దగ్గర అది 27, 28 ఉంటుంది, కాబట్టి టవర్ నుంచి వచ్చే నీళ్లు 31, 32. కేటలాగులోని 29.4 కాదు. చిల్లర్ కంపెనీని 32 డిగ్రీల నీటి దగ్గర అంకెలు ఇమ్మని అడగాలి. అయినా మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలిలో వేడి పారబోయడం కంటే 32 డిగ్రీల నీటిలో పారబోయడం మేలేనని మరిచిపోవద్దు. నా ఉద్దేశంలో వంద టన్నుల లోపు గాలి చిల్లర్, రెండు వందలు దాటితే నీటి చిల్లర్. మధ్యలో ఉన్నవారు నీళ్ల లెక్క మీదే తేల్చుకోవాలి.

నీటి చిల్లర్లలో ఈ పాతికేళ్లలో వచ్చిన మంచి ఆవిష్కరణ అయస్కాంత బేరింగ్ కంప్రెసర్. తిరిగే ఇరుసును అయస్కాంతాలు గాలిలో తేలుస్తాయి. రాపిడి లేదు, కాబట్టి నూనె అక్కర్లేదు. నూనె లేకపోవడం చిన్న విషయం కాదు. మామూలు చిల్లర్లలో ఆ నూనె ఏళ్ల తరబడి గొట్టాల లోపలికి చేరి వేడి మార్పిడిని దెబ్బతీస్తుంది. సగం భారంలో దీని కరెంటు పొదుపు నిజంగా బాగుంటుంది. కరెంటు హఠాత్తుగా పోతే ఇరుసు పడిపోదా అని అందరూ అడుగుతారు. తిరుగుతున్న మోటారే జనరేటరుగా మారి, ఇరుసు నెమ్మదించి దిగేదాకా అయస్కాంతాలకు కరెంటు ఇస్తుంది. ధర ఎక్కువ. ఏడాది పొడవునా నడిచే ఆసుపత్రికి గిట్టుతుంది. ముహూర్తాలకే నడిచే కల్యాణ మండపానికి ఎప్పటికీ గిట్టదు.

ఆవిరి కూలర్లు

కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. బయట 42, వెట్ బల్బ్ 28 అనుకుందాం. మంచి ప్యాడ్ ఆ తేడాలో 80 శాతం లాగుతుంది, అంటే 31 డిగ్రీల గాలి వస్తుంది. వేసవిలో ఆటోనగర్ వర్క్‌షాపుకు అది వరమే. సెప్టెంబరులో బయట 33, వెట్ బల్బ్ 27 ఉన్నప్పుడు 28 డిగ్రీల గాలి వస్తుంది కానీ తడి ముద్దలా ఉంటుంది. రెండంచెల కూలర్లు ముందు తేమ కలపకుండా చల్లబరిచి తర్వాత తడుపుతాయి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఇంకొన్ని డిగ్రీలు దించుతాయి. వానాకాలంలో అవీ చేతులెత్తేస్తాయి.

గుంటూరు, చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లుల సంగతి వేరు. నూలు తెగకుండా ఉండాలంటే గాలిలో తేమ ఉండాలి. అక్కడ ఆవిరి పద్ధతే సరైనది, ఏసీ పెడితే డబ్బు పెట్టి కష్టం కొనుక్కున్నట్టు.

ఎత్తైన షెడ్లకు పెద్ద రెక్కల నిదానపు ఫ్యాన్లు కూడా చూడండి. అమెరికాలో 1990లలో పాడి పశువుల కొట్టాల కోసం ప్రచారంలోకి వచ్చినవి ఇవి. ఏసీతో కలిపి వాడితే థర్మోస్టాట్‌ను ఒకటి రెండు డిగ్రీలు పెంచినా ఎవరూ గమనించరు.

శ్లాబులో చల్లని నీటి గొట్టాలు పరిచే పద్ధతి గురించి వాస్తుశిల్పులు ఉత్సాహంగా చెబుతారు. హైదరాబాద్‌లో ఇన్ఫోసిస్ ఒక భవనాన్ని సగం ఇలా, సగం మామూలు ఏసీతో కట్టి పోల్చింది. గొట్టాల సగం మూడో వంతు కరెంటు తక్కువ తీసుకుంది. కానీ అది దక్కన్ పీఠభూమి. మన దగ్గర వానాకాలంలో 25 డిగ్రీల చల్లని గోడ తగిలినా గాలిలోని తేమ బొట్లు కడుతుంది. తలుపు తెరిచి ఉంచే దుకాణంలో చల్లని శ్లాబు నుంచి నీటి బొట్లు సరుకు మీద పడతాయి. తాజా గాలిని ముందే పొడిబరిచే ఏర్పాటుతో కలిపితేనే, అదీ తలుపులు మూసి ఉండే ఆఫీసుకే.

మిర్చికి, మామిడికి: కోల్డ్ స్టోరేజీ

ఆసియాలోనే పెద్దదిగా పేరున్న మిర్చి యార్డు గుంటూరుది. ఫిబ్రవరి నుంచి మే దాకా వచ్చే టిక్కీలు (మిర్చి బస్తాలు) మంచి ధర కోసం నెలల తరబడి చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో ఆగుతాయి. తేజ రకమైనా, 334 రకమైనా రైతుకు కావాల్సింది ఒకటే: లోపల పెట్టిన ఎరుపు బయటికి వచ్చేటప్పుడూ ఉండాలి. అందుకు 4 నుంచి 10 డిగ్రీల మధ్య చల్లదనం, 60–65 శాతం తేమ. కష్టం చల్లదనంతో కాదు, ఆ తేమతో. చల్లని గదిలో తలుపు తెరిచినప్పుడల్లా బయటి తేమ దూరి 85 శాతం దాటుతుంది, మిర్చి మెత్తబడుతుంది, బూజు పడుతుంది. అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టేది ఆ బూజులోనే, ఎగుమతి కంటెయినర్లు వెనక్కి వచ్చేది దానివల్లే.

విజయవాడ పక్కనున్న నున్నలో మామిడి వ్యాపారం చేసేవారు మిర్చి పక్కనే ఒక ఛాంబరు మామిడికి అడుగుతారు. మామిడికి 12–13 డిగ్రీలు, 85–90 శాతం తేమ కావాలి. మిర్చికి పూర్తిగా ఎదురు. ఒకే గాలి తిరిగే గదుల్లో రెండూ పెట్టే ఆలోచన మానుకోండి. గోడ, తలుపు, కాయిల్ అన్నీ వేరుగా ఉండాలి.

ఇక గ్యాస్. 1870లలో జర్మనీలో కార్ల్ ఫన్ లిండే అమ్మోనియా కంప్రెసర్ తయారు చేశాడు. నూటయాభై ఏళ్ల తర్వాత కూడా పెద్ద కోల్డ్ స్టోరేజీకి దాన్ని మించిన గ్యాస్ నాకు కనబడలేదు. కిలో అమ్మోనియా ఆవిరైనప్పుడు పీల్చే వేడి ఆర్-134ఏ అనే మామూలు ఫ్రిజ్ గ్యాస్ కంటే దాదాపు ఆరు రెట్లు. గ్యాస్ చవక, భూమికి హాని లేదు, గుంటూరులో దాన్ని నడిపే అనుభవజ్ఞులైన ఆపరేటర్లకు కొదవ లేదు. ప్రమాదం మాత్రం నిజం. కళ్లను, ఊపిరితిత్తులను కాలుస్తుంది. రాగిని తినేస్తుంది కాబట్టి గొట్టాలన్నీ ఉక్కువే కావాలి. చిన్న లీకునే ముక్కు పట్టేస్తుంది, అది దాని మంచి గుణం. ఘాటును చూసీ చూడనట్టు వదిలేయడం మన చెడ్డ గుణం.

ఫ్రియాన్ అని అందరూ పిలిచే ఆర్-404ఏ లాంటి గ్యాస్‌లతో నడిచే రెడీమేడ్ యూనిట్లు చిన్న గదులకు బాగుంటాయి. ఐదారు వందల టిక్కీలకు మించని ఛాంబరుకు, పూల వ్యాపారికి, హోటల్ కిచెన్‌కు అవే సులువు. వేల టన్నుల గిడ్డంగికి మాత్రం కరెంటు, గ్యాస్ ధర, కిగాలీ గడువు మూడూ వాటికి వ్యతిరేకంగానే ఉన్నాయి.

రెండింటి మధ్య ఉన్న కొత్త దారి నాకు అన్నిటికంటే నచ్చింది. అమ్మోనియా మెషిన్ రూమ్ దాటి బయటికి రాదు. అక్కడ ప్లేట్ల వేడి మార్పిడి యంత్రంలో, గడ్డకట్టకుండా గ్లైకాల్ అనే ద్రవం కలిపిన నీటిని చల్లబరుస్తుంది, ఆ నీరే ఛాంబర్లలో తిరుగుతుంది. అమ్మోనియా పరిమాణం ఎన్నో రెట్లు తగ్గుతుంది, హమాలీలు తిరిగే చోట అది ఉండనే ఉండదు, సరుకుకు ఆ ఘాటు పట్టదు. పంపులకు, అదనపు మార్పిడికి కొంత కరెంటు పోతుంది. మిర్చికి కావాల్సిన ఉష్ణోగ్రతల దగ్గర ఆ నష్టం భరించదగినదే. గ్లైకాల్ బదులు కార్బన్ డయాక్సైడ్ తిప్పే పద్ధతీ ఉంది, సన్నని గొట్టాలు సరిపోతాయి కానీ 5 డిగ్రీల దగ్గరే 40 బార్ ఒత్తిడి. ఆ ఒత్తిడికి తగ్గ వెల్డింగు చేసే మనిషి దొరికితేనే దాని జోలికి వెళ్లండి.

కాయిల్స్ పైకప్పు కింద వేలాడే పాత పద్ధతి కంటే ఫ్యాన్లు ఉన్న యూనిట్లు మేలు. గాలి టిక్కీల వరసల మధ్యకు దూరుతుంది, ఫ్యాన్ వేగం తగ్గించుకునే డ్రైవ్ ఉంటే సరుకు చల్లబడిన తర్వాత కరెంటు గణనీయంగా తగ్గుతుంది. గోడలకు థర్మకోల్ బదులు పఫ్ (పాలీయురేథేన్ నురుగు) ప్యానెల్ అయితే అంతే మందానికి వేడిని మూడో వంతు తక్కువ రానిస్తుంది. కానీ గుంటూరు చుట్టుపక్కల గిడ్డంగుల్లో జరిగిన అగ్నిప్రమాదాల వార్తలు చదివినవారు ఇన్సులేషన్ విషయంలో ఒకటే అడగాలి: మంట అంటుకుంటే ఇది ఎంతసేపు ఆగుతుంది? పీఐఆర్ (మంటను పఫ్ కంటే బాగా తట్టుకునే నురుగు) ప్యానెల్, లేదా ఛాంబర్ల మధ్య గోడలకు రాక్‌వూల్ (రాతితో చేసిన పీచు), ధర ఎక్కువైనా బీమా మాట్లాడేటప్పుడు పనికొస్తాయి.

సరుకు బయటికి తీసే చోటు గురించి కొటేషన్లు పట్టించుకోవు. ఆగస్టులో 6 డిగ్రీల టిక్కీని ఎండలోకి తెస్తే గోనె మీద రెండు నిమిషాల్లో బొట్లు బొట్లుగా నీరు పడుతుంది. హమాలీ వీపు తడుస్తుంది, లోపలి కాయ పైపొర తడుస్తుంది, లారీలో బిగించి పంపితే మూడో రోజుకు అది తాలు రంగుకు తిరుగుతుంది. ఛాంబరుకూ బయటికీ మధ్య 18–20 డిగ్రీల పొడి గది ఒకటి ఉండాలి. ఆ గదిలో తేమను పట్టి ఎండబెట్టే సిలికాజెల్ చక్రం యంత్రం పెడితే మిర్చికి అదే ఈ తరం ఆవిష్కరణల్లో బాగా ఉపయోగపడేది. చాలామంది ఆ గదిని ఖర్చు తగ్గించుకోవడానికి ప్లానులోంచి కొట్టేస్తారు.

బేకరీ, సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లు

ఇక్కడ ప్రొపేన్ ఫ్రీజర్లు దాదాపు గెలిచేశాయి. మంట భయంతో ఒకప్పుడు ఒక్కో దానిలో 150 గ్రాములే అనుమతించేవారు. 2019లో అంతర్జాతీయ ప్రమాణం దాన్ని కొన్ని షరతులతో 500 గ్రాముల దాకా పెంచింది. ప్లగ్గు పెట్టి వాడే ఈ ఫ్రీజర్లకు ఒక లోపం ఉంది, అవి తమ వేడిని దుకాణంలోనే పారబోస్తాయి. ఆరు ఫ్రీజర్లు ఉన్న దుకాణంలో ఏసీ ఆ వేడిని మళ్లీ బయటికి మోయాలి. నాలుగైదు దాటితే బయట కండెన్సర్ పెట్టే పద్ధతి అడగండి. ఏ పద్ధతైనా గాజు తలుపు తప్పనిసరి. తెరిచి ఉంచే పాల ర్యాకు మన తేమకు తగదు.

ఐరోపా సూపర్‌మార్కెట్లలో కార్బన్ డయాక్సైడ్ యంత్రాలు మామూలైపోయాయి. ఆ గ్యాస్ 31 డిగ్రీలు దాటితే ద్రవంగా మారదు, వేడి వదలడం చాలా కష్టమవుతుంది. మనకు ఏడాదిలో చాలా పగళ్లు 31 పైనే. ఎజెక్టర్లు, అదనపు కంప్రెసర్లతో దాన్ని వేడి దేశాలకు మలుస్తున్నారు. బెంజ్ సర్కిల్‌లో ఒంటరి దుకాణానికి ఇది ఇంకా తొందరే.

ఎవరికి ఏది

కల్యాణ మండపం యజమానికి గాలి చిల్లరో, రేకు గొట్టాల ద్వారా గాలి పంచే పెద్ద డక్టబుల్ యూనిట్లో సరిపోతాయి. ఏడాదిలో నడిచే గంటలే తక్కువ, కాబట్టి పెట్టుబడి తక్కువ ఉన్నదే తీసుకోండి. వెయ్యి మంది ఊపిరికి తాజా గాలి మాత్రం లెక్కగట్టండి.

రెండు వందల పడకల ఆసుపత్రికి నీటి చిల్లర్లు, ఒకటి పెద్దది కాకుండా మూడు చిన్నవి. ఒకటి ఆగినా మిగతావి నడుస్తాయి, రాత్రి ఒక్కటి చాలు. థియేటర్లకు గాలి చిల్లర్ ఒకటి విడిగా ఉంటే నీళ్లు ఆగిన రోజు కూడా కత్తి ఆగదు.

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌తో వేళను బట్టి యూనిట్ ధర మారే వినియోగదారులు రాత్రి నీటిని చల్లబరిచి నిలవ చేసే ట్యాంకు గురించి అడగాలి. డెయిరీల్లో ఐస్ బ్యాంకు ట్యాంకు కొత్తదేమీ కాదు. భవనాలకు అదే ఉపాయం. గరిష్ఠ డిమాండు ఛార్జీ కూడా తగ్గుతుంది.

ఊక బాయిలరు ఉన్న రైస్ మిల్లుకు, వృథా ఆవిరి ఉన్న ఫ్యాక్టరీకి వేడితోనే చల్లదనం తయారుచేసే అబ్జార్ప్షన్ యంత్రం చూడవచ్చు. ఫెర్డినాండ్ కారే 1859లోనే చేసిన ఆలోచన అది. ఆ వేడి ఉచితంగా దొరకనివారికి లాభం లేదు.

కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు ఐదు సంగతులు రాయించుకోండి: బయట 43 డిగ్రీల దగ్గర ఎన్ని టన్నులు ఇస్తుంది, సగం భారంలో టన్నుకు ఎన్ని కిలోవాట్లు, ఏడాదికి ఎన్ని లీటర్ల నీళ్లు, పాడైతే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, స్పేరు ఏ ఊరి గోదాములో ఉంటుంది. చివరి రెండింటికి చాలా కంపెనీలు నోటి మాటతో సరిపెడతాయి. వాటిని కాగితం మీద పెట్టించి, మనిషి వచ్చే గడువు దాటితే రోజుకు ఎంత తగ్గించుకుంటారో కూడా రాయించండి.